బోర్డు లేని చెట్టు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, ఈసారి మీరు కూడా మాట్లాడాలి. పెన్షన్ గురించి మాత్రం వద్దు, దాని మీద ఇప్పటికే నలుగురు పేర్లిచ్చారు" అన్నారు. అయితే ఒక చెట్టు గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆగి "ఏ చెట్టు?" అన్నారు. సరిగ్గా అదే నా ప్రసంగం. అది ఏ చెట్టో తెలుసుకోవడానికి నాకు ముప్ఫై సంవత్సరాలు పట్టింది.

నేను ఇంటర్మీడియట్ బైపీసీ చదివినవాణ్ణి. కప్పను కోసి, మందార పువ్వు బొమ్మ గీసి, పాసయ్యానో లేదో 1986లో భర్తీ అయిపోయాను. ఆ కాస్త చదువు వల్ల ప్లటూన్లో నన్ను అంతా "డాక్టర్" అని ఎగతాళి చేసేవారు. నేను దాన్ని ఎగతాళి అనుకోలేదు, అదీ అసలు చిక్కు. 2014లో రిటైరై భిలాయి చేరాను. మా మామగారు విజయనగరం నుంచి 1960లలో స్టీల్ ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు. ఇంటి పక్క తెలుగు, గుడిలో తెలుగు, కూరల బజారులో కూడా తెలుగు. పరాయి ఊరు అనిపించదు.

భిలాయిలో తోట అంటే అందరికీ మైత్రీ బాగ్ గుర్తుకొస్తుంది. 1972లో మనకూ సోవియట్ దేశానికీ ఉన్న స్నేహానికి గుర్తుగా పెట్టింది, తెల్లపులులకు పేరు పడ్డది. నేను చెప్పేది దాని గురించి కాదు. మా సెక్టారుకు దగ్గర్లో ఒక చిన్న తోట ఉంది. పొద్దున్నే రిటైరైన వాళ్ళం అక్కడ నడుస్తాం. 2018 ఏప్రిల్‌లో ఒకరోజు, రోజూ నడిచే దారి బురదగా ఉందని వెనక గోడ వైపు వెళ్ళాను. అక్కడ ఒక పెద్ద చెట్టు. కొమ్మలకి పూలు లేవు. మొదలు నుంచి, మనిషి ఎత్తులో, తాళ్ళలాంటి పుల్లలు వేలాడుతూ వాటి నిండా పూలు. ఎర్రగా, గులాబీ రంగుగా, ఒక్కొక్కటీ అరచేతిలో సగం ఉన్నాయి. మంచి సువాసన. ఆ పూల మధ్యనే గోధుమ రంగు గుండ్రటి కాయలు, పిల్లలాడే ఫుట్‌బాల్ అంతేసి. చెట్టుకి బోర్డు లేదు. పక్కన వేపచెట్టుకి బోర్డు ఉంది, అశోకచెట్టుకి ఉంది. వేపచెట్టుకి బోర్డు ఎవరికోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నడకకి వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే చేరారు. బీహార్ ఆయన "కైలాసపతి" అన్నాడు. కేరళ ఆయన "నాగలింగం" అన్నాడు. ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి దిగిన ఆయన నవ్వుతూ, "రైలు పట్టాలు చేసే ఊళ్ళో చెట్లకి ఫిరంగి గుండ్లు కాస్తున్నాయి" అన్నాడు. నేను మాత్రం గొంతు సవరించుకుని, "మీకెవరికీ తెలియదు. ఇది సాల వృక్షం. బుద్ధుడు దీనికిందే పుట్టాడు, దీనికిందే పోయాడు. నేను శ్రీలంకలో చూశాను" అన్నాను. అందరూ నిజమేననుకున్నారు. ఫౌజీ చెబితే జనం నమ్ముతారు కదా.

అక్కడ గడ్డి కోస్తున్న మాలీ ఒకడు తల ఎత్తాడు. కొండగావ్ వైపు మనిషి. "సాబ్, యే సరయి నహీ హై" అన్నాడు. సాలు చెట్టును ఛత్తీస్‌గఢ్‌లో సరయి అంటారు. అది ఈ రాష్ట్రపు రాజవృక్షం. "మా ఊరి చుట్టూ అడవి నిండా సరయే సాబ్. మా అమ్మ ఆ ఆకులతోనే విస్తళ్ళు కుట్టింది. నాకు తెలీదా?" అన్నాడు. కొడవలి పట్టుకుని మళ్ళీ తన పనిలో పడ్డాడు.

ఆ రోజు ఇంటికి వచ్చి టిఫిన్ చెయ్యలేదు. నలుగురిలో మాట పోయిందని కాదు. ఆ సాలు చెట్టు పేరుతో నేను ఒకసారి ఒక తల్లికి ఉత్తరం రాసి ఉన్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1987 జూలై 29న మన దేశానికీ శ్రీలంకకీ ఒప్పందం అయింది. మన శాంతి సేన అక్కడికి వెళ్ళింది. 1990 మార్చి 24న చివరి దళం తిరిగి వచ్చేసరికి వెయ్యి మందికి పైగా మనవాళ్ళు పోయారు. ఈ సభలో అక్కడ పనిచేసినవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఎక్కువ చెప్పనక్కరలేదు. నేను 1988లో ట్రింకోమలీ జిల్లాలో ఉన్నాను. మా సెక్షన్లో నాకన్నా ఆరు నెలలు జూనియర్, శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడుండేవాడు. ఇంటివాళ్ళకి ఇష్టం ఉండదు కాబట్టి పేరు చెప్పను. మేమంతా చిన్నోడా అనేవాళ్ళం. ప్లటూన్ మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే.

ఒకరోజు రోడ్ ఓపెనింగ్ ముగించుకుని ఒక బౌద్ధ విహారం దగ్గర నీళ్ళకి ఆగాం. ఆవరణలో ఇదే చెట్టు. కింద రాలిన పూలు ఏరి పళ్ళెంలో పెట్టి బుద్ధుడి ముందు ఉంచారు. చిన్నోడు ఒక పువ్వు తీసి వాసన చూసి, "అన్నా, ఇది నాగమల్లి కదా" అన్నాడు. అక్కడున్న భిక్షువుకి కొంచెం ఇంగ్లీషు వచ్చు. నేను అడిగితే ఆయన "సాల్, సాల్" అన్నాడు, బుద్ధుడి కథ చెప్పాడు. లుంబినీలో మాయాదేవి సాలు కొమ్మ పట్టుకునే ఆయన్ని కన్నది, కుశీనగరంలో రెండు సాలు చెట్ల మధ్యనే ఆయన నిర్యాణం పొందాడు. నేను వెంటనే చిన్నోడి వైపు తిరిగి, "విన్నావా? నాగమల్లీ లేదు, సన్నజాజీ లేదు. నాగమల్లి అంటే తామరకి రుద్దే చిన్న మొక్కరా. ఇది సాల వృక్షం" అన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. నేను సీనియర్ని, పైగా బైపీసీ. పువ్వు మాత్రం నాకిచ్చి, "డైరీలో పెట్టన్నా, లీవుకెళ్ళినప్పుడు అమ్మకిస్తాను" అన్నాడు.

రెండు నెలల తరవాత అదే రోడ్డు మీద మైన్ పేలింది. చిన్నోడు దక్కలేదు.

ఆఫీసు నుంచి వెళ్ళవలసిన ఉత్తరాలు వెళ్ళాయి. తెలుగులో రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వాళ్ళమ్మగారికి 56 ఏ.పి.ఓ. నుంచి ఒక కవరు నేనూ రాశాను. డైరీలోని పువ్వు అందులో పెట్టాను. దళసరి పువ్వు అది, మల్లెపువ్వులా ఎండదు. నల్లగా, బెల్లం ముక్కలా అయిపోయింది. అందుకని ఏమిటో తెలియాలని, "ఇది సాల వృక్షం పువ్వు. మీ అబ్బాయికి చాలా ఇష్టం అయింది" అని రాశాను.

1990లో చిన్నోడి తమ్ముడు రాసిన జవాబు వచ్చింది. అమ్మ ఆ చెట్టు ఇంటి ముందు పెట్టాలంటోందని, ఒడిశా వైపు కొండల్లోంచి తెలిసినవాళ్ళ చేత సాలు మొక్క తెప్పించామని రాశాడు. మరుసటి ఏడు ఇంకో ఉత్తరం. మొక్క చచ్చిపోయింది, మళ్ళీ ఇంకోటి తెప్పించాం, అదీ నిలవలేదు, "అమ్మ బెంగ పెట్టుకుంది, అన్నయ్య చెట్టు కూడా మా ఇంట్లో ఉండనంటున్నాదని ఏడుస్తున్నాది" అని. నేను అప్పుడు కాశ్మీరులో ఉన్నాను. నీళ్ళు బాగా పొయ్యండి, మట్టి మార్చండి అని రెండు ముక్కలు రాసి పడేశాను. తరవాత ఉత్తరాలు ఆగిపోయాయి. లీవులో ఒకసారి వెళ్ళాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ప్రతిసారీ ఏదో ఒక పని అడ్డు వచ్చేది. అడ్డు వచ్చిందనడం కూడా అబద్ధమే. ఆ తల్లి ఎదురుగా నిలబడే ధైర్యం చాలలేదు.

ఇదీ ఆ పొద్దున నాకు టిఫిన్ దిగకపోవడానికి కారణం.

మర్నాడు మాలీ దగ్గరికి వెళ్ళి, "నాకు నిజం సరయి చూపించు" అన్నాను. "జూన్‌లో రండి సాబ్, గింజ రాలే టైము" అన్నాడు. అతని సెలవు చూసుకుని ఇద్దరం బస్సులో వాళ్ళ ఊరు వెళ్ళాం. కొండగావ్ ప్రాంతం సాలు అడవి మీలో చూసినవాళ్ళు చూసే ఉంటారు. నిటారుగా, వరసగా, డ్రెస్సింగ్ చేసి నిలబెట్టిన కంపెనీలా ఉంటాయి చెట్లు. మన రైల్వేకి ఒకప్పుడు స్లీపర్లన్నీ ఎక్కువగా ఈ కర్రే. సాలు పూలు కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి, పాలిపోయిన పసుపు రంగు, చిన్నవి. మొదలు మీద పూసే ప్రశ్నే లేదు. కాయకి అయిదు రెక్కలు, మూడు పొడుగు, రెండు పొట్టి. గాలికి గిరగిర తిరుగుతూ దిగుతుంది. ఫిరంగి గుండుకీ దీనికీ ఏం పోలిక? ఆడవాళ్ళు ఆ గింజలు బుట్టల్లోకి ఏరుతున్నారు, నూనె తీయడానికి అమ్ముతారు. చెట్టు గాటు పెడితే కారే బంక మనం పొగవేసుకునే గుగ్గిలం. మన వైపు కొందరు ఈ చెట్టునే గుగ్గిలం చెట్టంటారు.

ఫీల్డ్‌క్రాఫ్ట్ క్లాసులో రంగరూటులకి "చీజే క్యో నజర్ ఆతీ హై" అని ఒక పాఠం చెప్పేవాళ్ళం కదా. ఆకారం, నీడ, మెరుపు, పైపొర, కదలిక. ఆ పాఠం నేను ఎన్ని బ్యాచ్‌లకి చెప్పానో లెక్కలేదు. శత్రువు కనిపించడానికి ఏమేం చూడాలో చెప్పేవాణ్ణి. ఒక చెట్టు విషయంలో మాత్రం ఆకు చూడలేదు, బెరడు చూడలేదు, పువ్వు ఎక్కడి నుంచి పుట్టిందో చూడలేదు, ఎవరో ఒక పేరు చెప్పగానే రిపోర్టు రాసేశాను.

తిరిగి వస్తూ దారిలో మాలీని అడిగాను, సరయి మొక్క తీసుకెళ్ళి ఇంటి ముందు నాటితే బతుకుతుందా అని. అతను తల అడ్డంగా ఊపాడు. గింజ రాలిన వారం పది రోజుల్లో మొలకెత్తకపోతే చచ్చిపోతుందట. మొలిచినా మొదటి కొన్నేళ్ళు పైమొక్క ఎండిపోతూ మళ్ళీ వస్తూ ఉంటుంది, వేరు మాత్రం లోపలికి దిగుతుంది. పెళ్ళగిస్తే ఆ వేరు తెగుతుంది. "అడవిలో దానంతట అది రావాల్సిందే సాబ్, ఇంట్లో నిలవడం చాలా కష్టం." తరవాత పుస్తకాల్లో చూస్తే అక్షరాలా అదే రాసి ఉంది. శ్రీకాకుళంలో ఆ తల్లి పెట్టిన రెండు మొక్కలు నీళ్ళు చాలక పోలేదు. బతకని చెట్టు పేరు రాసి పంపినవాణ్ణి నేను.

భిలాయిలో మా వీధిలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ గారున్నారు. తోటలో ఆకు, రాలిన పువ్వు, పుల్ల ముక్క పట్టుకెళ్ళాను. ఆయన చూడగానే ఇంగ్లీషులో కేనన్‌బాల్ ట్రీ, శాస్త్రీయ నామం కూరూపిటా గయనెన్సిస్ అన్నారు. మా మనవడు ఫోనులో ఫొటో తీస్తే అదీ అదే చెప్పింది. ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1775లో ఓబ్లె అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మొదటి ముక్క గయానా ఆదివాసులు పిలుచుకునే పేరు నుంచి తీసుకున్నాడట. పువ్వుకి ఆరు రేకులు, మధ్యలో ఒక పక్క నుంచి పడగలా వంగిన కేసరాలు, దాని కింద చిన్న లింగంలా అండాశయం. అందుకే మనవాళ్ళు శివాలయాల్లో పెంచారు, నాగలింగం, మల్లికార్జున పుష్పం, నాగమల్లి అన్నారు. చిన్నోడు చెప్పింది తప్పు కాదు. తామరకి వాడే చిన్న మొక్కకీ అదే పేరుంది, ఈ మహావృక్షానికీ అదే పేరుంది. నాకు తెలిసింది ఒక్కటే.

ఈ పువ్వులో తేనె ఉండదు. తేనెటీగలు పుప్పొడి కోసమే వస్తాయి. పడగ వైపున ఉన్న పుప్పొడి గొడ్డుది, ఈగలకి మేత. అడుగున వలయంలో ఉన్నదే గింజ కట్టించేది. ఈగ పడగ కింద మేస్తుంటే వలయంలోని పుప్పొడి దాని ఒంటికి అంటుకుని ఇంకో పువ్వుకి చేరుతుంది. లంగర్లో భోజనం పెట్టి బరువు మోయించుకున్నట్టే! కాయ పండటానికి ఏడాది పైనే పడుతుంది. పండి కింద పడితే పెద్ద చప్పుడుతో పగులుతుంది, గుజ్జు గాలి తగలగానే నీలం రంగుకి తిరుగుతుంది, వాసన భరించలేం. పూలకి అంత సువాసన, కాయకి అంత కంపు. దాని కింద బెంచీ మాత్రం వెయ్యకూడదు, తల మీద పడితే హెల్మెట్ ఉన్నా కష్టమే.

మరి శ్రీలంకలో సాల్ అని ఎందుకన్నారు? భిక్షువు అబద్ధం చెప్పలేదు. నిజం సాలు అక్కడ సహజంగా పెరగదు. బ్రిటిషువాళ్ళ కాలంలో ఈ అమెరికా చెట్టు అక్కడికి వచ్చి, భక్తులు దీన్నే సాల్ అని విహారాల్లో నాటుకున్నారు. ఆ దేశంలో దీని పేరు అదే. తప్పల్లా ఆ పేరు తెచ్చి శ్రీకాకుళం కొండల పక్కన పెట్టిన నాది. అక్కడ సాలు అంటే వేరే చెట్టు.

ఒక మాట చెప్పి ముందుకెళతాను, ఫౌజీలకి ఇది తెలిసి ఉండాలి. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ 1787లో పెట్టినవాడు కర్నల్ రాబర్ట్ కిడ్, మనలాగా సైన్యంలో పనిచేసినవాడే. తరవాత దాన్ని నడిపిన విలియం రాక్స్‌బర్గ్ కంపెనీ వైద్యుడు, అంతకు ముందు మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల మీద పుస్తకం తయారుచేశాడు. దాని మొదటి భాగం 1795లో వచ్చింది. ఆయన ప్రతి మొక్కకీ ఊళ్ళో జనం ఏమంటారో అడిగి తెలుగు పేరు రాసుకునేవాడు. సాలు చెట్టు శాస్త్రీయ నామం షోరియా అని ఉంటుంది, అది అప్పటి గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు. అంత పెద్దవాడు అడిగి రాసుకున్నాడు. నేను పక్కన నిలబడి చెబుతున్నవాడి నోరు మూయించాను.

2019 వేసవిలో బయలుదేరాను. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఆ కుటుంబం ఊళ్ళోనే ఉందన్నారు. వాళ్ళమ్మగారికి దగ్గర దగ్గర ఎనభై. చూపు తగ్గింది, మనిషి గట్టిగానే ఉంది. తమ్ముడు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. నేనెవరో చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఉత్తరం రాసినావు కదేటి, ఆ బాబువా" అంది. ట్రంకు పెట్టెలోంచి కవరు తీయించింది. నా చేతిరాత, నల్ల ముక్క. నేను తెచ్చిన ఫొటో తమ్ముడి చేతికిచ్చాను. అతను చూసి, "అమ్మా, ఇది మన సోమయ్య గుడికాడి నాగమల్లి" అన్నాడు.

చిన్నతనంలో చిన్నోడు ఆడుకున్నది ఆ చెట్టు కిందేనట. కాయలు దొర్లించి ఆడేవాడట. ఇంటికి రెండు ఫర్లాంగుల దూరం. ముప్ఫై ఏళ్ళుగా ఆమె ప్రతి సోమవారం ఆ చెట్టు కింద నుంచే గుళ్ళోకి వెళ్ళి వస్తోంది.

విహారంలో ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ వాడు నాగమల్లి అనే అన్నాడమ్మా, నేనే నోరు మూసుకోమన్నాను, నాకు తెలుసని అనుకున్నాను అన్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, "అయితే ఆడు గుర్తుపట్నాడన్నమాట" అంది. ఇంకోసారి అదే మాట అంది. "అంత దూరం ఎళ్ళి మన గుడి చెట్టు గుర్తుపట్నాడు."

సాయంత్రం నన్ను గుడికి తీసుకెళ్ళింది. చెట్టు మొదలు తడిమి, చేతికందిన పువ్వు ఒకటి కోసి నాకిచ్చింది. మగ్గిన కాయ ఒకటి కూడా పట్టుకెళ్ళమంది. వద్దనలేకపోయాను. దాన్ని గోనెగుడ్డలో చుట్టి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ వచ్చే రైల్లో తెచ్చాను. టిట్లాగఢ్ దగ్గర అది పగిలింది. ఆ బోగీలో మిగిలిన రాత్రి ఎలా గడిచిందో, తోటి ప్రయాణికులు నన్ను ఏమన్నారో ఈ సభలో చెప్పదగినది కాదు.

గింజలు కడిగి కుండీల్లో వేస్తే తొమ్మిది మొలిచాయి. వాటిలో ఒకటి ఇప్పుడు ఆమె ఇంటి ముందు ఉంది, ఆమె తలెత్తి చూడాల్సినంత ఎత్తయిందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. పూతకి ఇంకా కొన్నేళ్ళు ఆగాలి. మూడు ఈ రోజు బయట షామియానా పక్కన పెట్టి ఉంచాను, గుడి ఆవరణ గానీ ఖాళీ స్థలం గానీ ఉన్నవాళ్ళు తీసుకెళ్ళవచ్చు. క్వార్టరు కిటికీ పక్కన పెట్టకండి.

తోటలో బోర్డు సంగతి. అనుమతి తీసుకుని సొంత ఖర్చుతో ఒక ఇనప రేకు బోర్డు రాయించాం. హిందీలో కైలాసపతి, తెలుగులో నాగమల్లి, నాగలింగం, ఇంగ్లీషులో కేనన్‌బాల్, కింద శాస్త్రీయ నామం, పుట్టిన దేశం. పెయింటరు రాస్తుంటే మాలీ వచ్చి వెనక నిలబడ్డాడు. అతనికి చదవడం పెద్దగా రాదు. "ఏం రాస్తున్నారు సాబ్?" అన్నాడు. ఒక్కొక్క పేరే చదివి వినిపించాను. అన్నీ విని, "ఠీక్ హై" అని గడ్డి కోయడానికి వెళ్ళిపోయాడు.